ఇసుకను నమ్ముకున్న మనిషి – టామ్ మోరిస్ జీవితం

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని సంఘ కార్యదర్శి గారు అడిగారు. దేశనాయకుల గురించి, మన వైపు పుట్టిన మల్లవీరుడు కోడి రామమూర్తి గారి గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం మన వీధుల్లో ఎవరూ ఆడని ఆటకు పెద్దదిక్కుగా నిలిచిన ఒక పనివాడి గురించి రాయదలచాను. ఆయన పేరు టామ్ మోరిస్. ఆట గోల్ఫ్. అదేదో దొరల ఆట, మనకెందుకని పేజీ తిప్పేయవద్దని మనవి. చదివిన తరువాత ఇది మన కథేనని మీకే తెలుస్తుంది.

నాకు ఈ ఆటతో పరిచయం చిత్రంగా కలిగింది. 1970 దశకంలో నేను విశాఖపట్నంలో గుమాస్తాగా ఉండేవాడిని. మా అధికారి గారు ఆదివారాలు సముద్రం పక్కనున్న గోల్ఫ్ మైదానానికి వెళ్లేవారు. అర్జెంటు ఫైలు ఉంటే సంతకానికి నేను అక్కడికే పట్టుకువెళ్లేవాడిని. ఒకరోజు ఆయన బంతి పొదలో పడింది. ముందుకు కొడితే గుంట దగ్గరే. కాని ఆయన వెనక్కి తిరిగి, బంతిని వచ్చిన దారినే గడ్డి మీదికి కొట్టుకున్నారు. ఇంత చదువుకున్న మనిషి వెనక్కి కొడతాడేమిటని నాకు నవ్వు వచ్చింది. నవ్వాల్సింది ఎవరిని చూసో తరువాత చాలా ఏళ్లకు గాని తెలియలేదు. ఆ సంగతి ముందు చెబుతాను.

నేతగాని కొడుకు

టామ్ మోరిస్ 1821 జూన్ 16న స్కాట్లాండ్ తూర్పు తీరంలోని సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో పుట్టాడు. తండ్రి జాన్ మోరిస్ నేతపని చేసేవాడు, ఉత్తరాలు పంచే పని కూడా చేశాడు. ఆస్తిపాస్తులు లేవు. ఊరి పక్కన సముద్రానికీ సాగుభూములకూ మధ్య ఇసుక దిబ్బల నేల ఉంది. దాన్ని అక్కడ లింక్స్ అంటారు. పంట పండని నేల. కుందేళ్లు, గొర్రెలు తిరిగే గడ్డి, ముళ్ల పొదలు, ఎప్పుడూ వీచే గాలి. మన బారువ తీరాన మొగలి పొదల మధ్య నడిచినవారికి ఆ నేల ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ బీడునేల మీదనే అక్కడి జనం వందల ఏళ్లుగా కర్రతో బంతిని కొడుతూ గుంటలో వేసే ఆట ఆడుతున్నారు. 1764 నుంచి ఆ మైదానంలో ఆటకు 18 గుంటల లెక్క ఏర్పడింది. తరువాత ప్రపంచమంతా అదే లెక్కను పాటించింది.

చిన్నతనంలో మనం గోళీలాట ఆడినప్పుడు తవ్వుకున్న గుంటలు గుర్తు తెచ్చుకోండి. ఇదీ అలాంటిదే. కాకపోతే ఒక గుంటకూ మరో గుంటకూ మధ్య దూరం వందల గజాలు ఉంటుంది. దారిలో ఇసుక గోతులు, వాగు, పొదలు ఉంటాయి. తక్కువ దెబ్బల్లో 18 గుంటలూ పూర్తి చేసినవాడు గెలిచినట్టు.

టామ్ 14వ ఏట అలన్ రాబర్ట్‌సన్ అనే ఆటగాని దగ్గర పనికి కుదిరాడు. ఆ రోజుల్లో గోల్ఫ్ బంతిని తోలు సంచిలో ఒక టోపీ నిండా పట్టే పక్షి ఈకలు కుక్కి, కుట్టి తయారుచేసేవారు. చేయి తిరిగిన పనివాడికి కూడా రోజుకు మూడు నాలుగు బంతులకు మించి తెమిలేవి కావు. అందుకే వాటి ధర ఎక్కువ. గురువు, శిష్యుడు పగలు బంతులు కుట్టి, తీరిక దొరికితే జోడీగా పందేల ఆట ఆడేవారు.

వెనక్కి కొట్టలేని అన్నదమ్ములు

1849లో వీరిద్దరికీ మస్సెల్‌బరో పట్టణానికి చెందిన డన్ సోదరులకూ 400 పౌన్లకు పందెం పడింది. మూడు మైదానాల్లో పోటీ. చివరిది నార్త్ బెరిక్‌లో జరిగింది. ఇంకా ఎనిమిది గుంటలు మిగిలి ఉండగా డన్ సోదరులు నాలుగు గుంటల ఆధిక్యంలో ఉన్నారు. పందెం అయిపోయిందనే అందరూ అనుకున్నారు. అలన్, టామ్ తొణకలేదు. ఒక్కొక్క గుంటనే చూసుకుంటూ సమం చేశారు. చివర రెండు గుంటలుండగా డన్‌ల బంతి ఒక పెద్ద రాయి పక్కన ఇరుక్కుంది. వాళ్లు ముందుకే కొట్టాలని దెబ్బ మీద దెబ్బ వేశారు. బంతి కదల్లేదు, కోపం పెరిగింది. ఒక్క దెబ్బ వెనక్కి, గడ్డి మీదికి కొట్టి ఉంటే నష్టం ఒక్కటే అయ్యేది. పట్టుదలకు పోయి పందెమే పోగొట్టుకున్నారు.

ఈ సంగతి చదివిన రోజున నాకు మా అధికారి గారు గుర్తుకు వచ్చారు. నా సొంత కథ కూడా గుర్తుకు వచ్చింది. నేను రిటైరైనప్పుడు నా సర్వీసు రిజిస్టరులో ఒక ఇంక్రిమెంటు తేదీ తప్పుగా పడి ఉంది. ఒక కార్యాలయం వారు పెన్షను కాగితాలు రెండుసార్లు తిప్పి పంపారు. నేను కోపం పట్టలేక పైవారికి ఫిర్యాదు మీద ఫిర్యాదు రాస్తూ ఆరు నెలలు గడిపాను. చివరకు నేను మునుపు పనిచేసిన పాత ఆఫీసుకు వెళ్లి, పే బిల్లు వెతికించి, ఆ ఒక్క ఎంట్రీ సరిచేయించుకున్నాను. ఆ తరువాత మూడు వారాల్లో ఆర్డరు వచ్చింది. జీవితమంతా ఫైళ్లు నడిపిన నేను సైతం రాయి పక్కన బంతిని ముందుకే కొడుతూ ఉన్నానన్నమాట.

ఉద్యోగం పోయి, మరో ఉద్యోగం

1848 ప్రాంతంలో గట్టాపర్చా అనే మలయా చెట్ల పాలతో చేసిన బంతి వచ్చింది. వేడి నీళ్లలో మెత్తబడుతుంది, చేతితో ఉండ చేస్తే చాలు. మన దేశం వైపు నుంచి పంపిన ఒక విష్ణుమూర్తి విగ్రహం చుట్టూ ప్యాకింగుగా వచ్చిన గట్టాపర్చాతోనే మొదటి బంతి చేశారని ఒక కథ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఈకల బంతి పని చేసేవారికి అది పిడుగులాంటి వార్త. అలన్‌కు ఆ కొత్త బంతి అంటే గిట్టేది కాదు. టామ్ ఒకనాడు దానితో ఆడుతూ గురువు కంటపడ్డాడు. మాటామాటా పెరిగి కొలువు పోయింది. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో టైపు మిషన్లను వదలలేక మన ఆఫీసుల్లో జరిగిన తగవులు చూసినవారికి ఇది వింతగా తోచదు.

1851లో ఫెయిర్లీ అనే కర్నల్ గారి ప్రోత్సాహంతో టామ్ పడమటి తీరంలోని ప్రెస్ట్‌విక్‌కు మైదానం కాపరిగా వెళ్లాడు. అక్కడ దొరికిన కొద్దిపాటి నేలలో, ఇసుక గుట్టల నడుమ 12 గుంటల మైదానం వేశాడు. ఒకసారి తోపుడుబండిలోని ఇసుక పొరపాటున గడ్డి మీద ఒలికిందట. కొద్దిరోజులకు అక్కడి గడ్డి మిగతాదానికన్నా పచ్చగా, ఒత్తుగా లేచింది. అప్పటినుంచి బతికినంతకాలం గడ్డికి పలుచగా ఇసుక చల్లించడమే ఆయన వైద్యం. మన రైతులు పొలానికి గత్తం తోలినట్టు ఆయన ఇసుక తోలేవాడు. ఈనాటికీ ప్రపంచంలోని గోల్ఫ్ మైదానాల్లో ఆ పద్ధతి సాగుతోంది.

1860 అక్టోబరు 17న ప్రెస్ట్‌విక్‌లో మొదటి ఓపెన్ పోటీ జరిగింది. ఎనిమిదిమంది ఆటగాళ్లు 12 గుంటలను మూడుసార్లు చుట్టారు. బహుమతి ఎర్రతోలు బెల్టు. విల్లీ పార్క్ 174 దెబ్బలతో గెలిచాడు. టామ్ 176తో రెండోవాడయ్యాడు. మరుసటి ఏడు పార్కే మళ్లీ ముందంజలో ఉన్నాడు. చివరి చుట్టులో ఆల్ప్స్ అనే పెద్ద ఇసుక గుట్టను సాహసం చేసి రెండో దెబ్బకే దాటాలని చూశాడు. బంతి పాడుచోట పడి మూడు దెబ్బలు అదనంగా ఖర్చయ్యాయి. టామ్ అలాంటి సాహసాల జోలికి పోకుండా ఆడుకుంటూ వచ్చి 163తో గెలిచాడు. 1862లో ఏకంగా 13 దెబ్బల తేడాతో గెలిచాడు. ఓపెన్ చరిత్రలో అంత తేడా మళ్లీ ఎవరికీ రాలేదు. 1864లోనూ 1867లోనూ గెలిచాడు. 1867లో ఆయన వయస్సు 46. అంత వయస్సులో ఓపెన్ గెలిచినవారు నేటికీ మరొకరు లేరు.

ఆయనకు లోపాలు లేవని కాదు. గుంటకు రెండు మూడడుగుల దూరంలో ఉన్న చిన్న దెబ్బ ఆయనకు తరచు తప్పేది. ఒక చమత్కారి కవరు మీద టామ్ పేరు రాయకుండా, చిన్న దెబ్బలు తప్పేవాడు, ప్రెస్ట్‌విక్ అని అర్థం వచ్చేలా మాత్రమే రాసి పోస్టు చేశాడు. ఉత్తరం తిన్నగా టామ్ ఇంటికే చేరింది. తపాలా శాఖలో పనిచేసిన మన మిత్రులు ఆ పోస్టుమాన్‌ను మెచ్చుకోక తప్పదు. టామ్ కూడా ఈ కథ విని నవ్వేవాడట.

జీతం 50 పౌన్లు

1864లో సెయింట్ ఆండ్రూస్ క్లబ్బువారు టామ్‌ను స్వంత ఊరికి పిలిచారు. ఏడాదికి జీతం 50 పౌన్లు, మైదానం ఖర్చులకు 20 పౌన్లు. ఒక తోపుడుబండి, గునపం, పార ఇచ్చారు. బరువు పనికి వారానికి రెండు రోజులు ఒక కూలీ. మంజూరైన పోస్టులు చాలక ఇద్దరి పని ఒక్కరే చేసిన మనకు ఈ ఏర్పాటు బాగా అర్థమవుతుంది. ఆ వనరులతోనే ఆయన ముళ్ల పొదలు కొట్టించి దారులు వెడల్పు చేయించాడు. మొదటి గుంటకూ చివరి గుంటకూ కొత్త గడ్డి తిన్నెలు వేశాడు. గోతుల అంచులు కట్టించాడు. ఆదివారం మాత్రం ఆట ఉండకూడదని పట్టుబట్టాడు. మనుషులకు విశ్రాంతి అక్కరలేకపోయినా నేలకు కావాలని ఆయన వాదం.

దారులు వెడల్పయ్యాక ఆటలో ఒక కొత్త సంగతి పుట్టింది. ప్రతి గుంటకూ రెండు దారులు ఏర్పడ్డాయి. ధైర్యవంతుడికి దగ్గర దారి, బుద్ధిమంతుడికి చుట్టుదారి. ఏది పట్టాలో గాలి, వయస్సు, ఆనాటి చేతివాటం చూసుకుని ఎవరికి వారు తేల్చుకోవాలి. నాలుగైదు గుంటల సంగతి నేటి లెక్క ప్రకారం చెబుతాను.

మొదటి గుంట ముందు మైదానం పెళ్లిపందిరంత విశాలం, భయమేమీ లేదు. కాని గడ్డి తిన్నెకు సరిగ్గా ముందే స్విల్కన్ అనే సన్నని వాగు ఉంది. గుంటకు సరిగ్గా కొలిచి కొట్టినవాడి బంతి రవ్వంత తగ్గితే నీళ్లలో పడుతుంది. కాబట్టి గుంట దాటి పడేలా కొట్టి, వెనక్కి దొర్లించుకోవడం మేలు.

11వది చిన్న గుంట. రెండు పక్కలా లోతైన ఇసుక గోతులు, అవతల నది. గడ్డి తిన్నె వెనుక నుంచి ముందుకు గట్టిగా వాలి ఉంటుంది. గుంటకు పైన పడితే కిందికి ఆపడం కష్టం. కాబట్టి కిందనే ఆగి, ఎగువకు దొర్లించాలి.

14వది పొడవైనది. కుడివైపు గోడ, ఎడమవైపు చిన్న గోతులు, నట్టనడుమ నరకం అనే పేరున్న పెద్ద ఇసుక గొయ్యి. ఎదురుగాలి ఉన్న రోజున దాని మీదుగా కొట్టబోవడం మూర్ఖత్వం. ఎడమకు, పక్క గుంట దారిలోకి కొట్టి, నరకాన్ని చుట్టివస్తే ఒక దెబ్బ ఎక్కువైనా లెక్క చెడదు.

17వది అన్నిటికన్నా కష్టమైనది. ఆ రోజుల్లో కుడివైపు రైల్వే షెడ్లు ఉండేవి. వాటి మీదుగా కొడితే దగ్గర. తిన్నె సన్నగా, ఏటవాలుగా ఉంటుంది. ముందు లోతైన గొయ్యి, వెనుక రోడ్డు, గోడ. తెలిసినవారు తిన్నె ఎక్కాలని ఆత్రపడరు. ముందున్న కుడి మూలకు బంతిని చేర్చి, అక్కడి నుంచి దొర్లించి, అయిదు దెబ్బలకు తృప్తిపడతారు. నాలుగు కోసం పోయినవాడు ఏడుతో తిరిగి వస్తాడు.

18వ తిన్నెను పాతకాలపు సమాధుల నేల మీద టామ్ స్వయంగా వేశాడు. దాని ముందు ఒక పల్లం ఉంది. బలం తగ్గిన బంతి పల్లంలోకే జారిపోతుంది. చివరి అడుగులో చేయి సడలకూడదన్నమాట.

ఈ మైదానంలో మరో విచిత్రం కూడా ఉంది. ఏడు తిన్నెలు జంట తిన్నెలు, ఒక్కొక్కదాని మీద రెండేసి గుంటలు. రెండోదీ పదహారోదీ ఒకచోట, మూడోదీ పదిహేనోదీ ఒకచోట. ఏ జంట కూడినా మొత్తం 18 వస్తుంది. ట్రయల్ బ్యాలెన్సు టాలీ అయినప్పుడు కలిగే ఆనందం తెలిసిన మనవంటివారికి ఇది నచ్చుతుంది.

వెలుగూ చీకటీ

టామ్ కొడుకు పేరు కూడా టామే. అందుకే తండ్రిని ఓల్డ్ టామ్ అనీ, కొడుకును యంగ్ టామ్ అనీ పిలిచేవారు. ఆ పిల్లవాడు 1868లో 17వ ఏటనే ఓపెన్ గెలిచాడు. రెండోస్థానం తండ్రిది. తండ్రీకొడుకులు మొదటి రెండు స్థానాల్లో నిలవడం ఆ పోటీలో మళ్లీ జరగలేదు. 1869, 1870లలో కూడా గెలవడంతో నియమం ప్రకారం బెల్టు అతనికే సొంతమైంది. బహుమతి లేక 1871లో పోటీయే జరగలేదు. 1872లో మళ్లీ అతనే గెలిచాడు.

1875 సెప్టెంబరులో తండ్రీకొడుకులు నార్త్ బెరిక్‌లో పార్క్ సోదరులతో పందెం ఆడుతున్నారు. యంగ్ టామ్ భార్య మార్గరెట్ ఇంటివద్ద నిండు గర్భిణి. పురుడు కష్టంగా ఉందని తంతి వచ్చింది. ఒక పెద్దమనిషి తన పడవ ఇచ్చాడు. సముద్రపు పాయ దాటి ఇల్లు చేరేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు. అదే ఏడు క్రిస్మస్ రోజున యంగ్ టామ్ నిద్రలోనే కన్నుమూశాడు. వయస్సు 24. మరుసటి ఏడు ఓల్డ్ టామ్ భార్య ఆగ్నెస్ పోయింది. ఆ తరువాతి ఏళ్లలో మిగిలిన ముగ్గురు బిడ్డలూ ఒకరి తరువాత ఒకరు పోయారు. అంతకు చాలా ముందే, 1850లో, నాలుగేళ్ల పెద్దకొడుకు పోయాడు. బిడ్డలందరినీ సాగనంపి తాను మిగిలాడు.

అరవై గోల్ఫ్ సంఘాలవారు చందాలు వేసుకుని యంగ్ టామ్ సమాధి వద్ద శిల్పం పెట్టించారు. తండ్రి మాత్రం రోజూ తెల్లవారే చల్లని సముద్రంలో స్నానం చేసి, పైపు నోట పెట్టుకుని, పార భుజాన వేసుకుని మైదానానికి వెళ్లడం మానలేదు. కొడుకు నడిచిన గడ్డినే ఇంకా ముప్పై ఏళ్లు సాకాడు. పిలిచినచోటికల్లా వెళ్లి మైదానాలు వేశాడు. మక్రిహానిష్, డార్నోక్, మ్యూర్‌ఫీల్డ్, ఐర్లండ్‌లోని కౌంటీ డౌన్ వంటి పేరున్న మైదానాల్లో ఆయన చేయి ఉంది. కౌంటీ డౌన్ పనికి ఇచ్చింది నాలుగు గినీలే. ఆయన దగ్గర పని నేర్చుకున్న డోనాల్డ్ రాస్ అమెరికా వెళ్లి వందల మైదానాలు వేశాడు. 1895లో 74 ఏళ్ల వయస్సులో కూడా ఓల్డ్ టామ్ ఓపెన్ ఆడాడు. గెలవాలని కాదు, ఆడాలని.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన ఉద్దానాన్ని ఊడ్చివేసింది. ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మా పక్క ఊరిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, డెబ్భై దాటినవాడు, మరుసటి నెలే కొబ్బరి మొక్కలు నాటించాడు. కాయ నువ్వు తింటావా అని మేము వేళాకోళం చేశాము. ఆయన బదులు చెప్పకుండా మొక్కకు నీళ్లు పోశాడు. ఓల్డ్ టామ్ గురించి చదువుతున్నప్పుడల్లా నాకు ఆ మనిషే కళ్లముందు కనబడతాడు.

పెన్షను

1903లో, ఎనభై దాటాక, ఓల్డ్ టామ్ పదవీ విరమణ చేశాడు. ఆ రోజుల్లో పనివాడికి పెన్షను ఇచ్చే చట్టమేదీ ఆ దేశంలో లేదు. అయినా క్లబ్బువారు ఆయన జీతం 50 పౌన్లూ పైసా తగ్గించకుండా బతికినంతకాలం ఇచ్చారు. పేరుగల చిత్రకారుని చేత ఆయన చిత్రం వేయించి క్లబ్బు గోడకు తగిలించారు. చివరి గుంటకు ఆయన పేరే పెట్టారు. 1908 మే 24న, 86వ ఏట, పట్టణంలోని మరో క్లబ్బులో తలుపు పొరపాటుపడి చీకటి మెట్ల మీద నుంచి పడి ఆయన మరణించాడు. కొడుకు పక్కనే సమాధి చేశారు.

ఆయనకు పెన్షను యజమానుల మంచితనం వల్ల వచ్చింది. అది అదృష్టం. మనకు అలా కాదు. 1982 డిసెంబరు 17న నకారా గారి కేసులో మన సుప్రీంకోర్టు, పెన్షను యజమాని దయాదాక్షిణ్యం కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ తీర్పు చెప్పింది. అందుకే మనం ఏటా ఆ రోజున కలుసుకుంటున్నాము. దయగా దొరికినదానికీ హక్కుగా దొరికినదానికీ తేడా మన పిల్లలకు తెలియజెప్పవలసిన బాధ్యత మనమీద ఉంది. ఆ హక్కును కాపాడుకునే పనిలో కూడా ఎక్కడ ముందుకు కొట్టాలో, ఎక్కడ ఒక దెబ్బ వెనక్కి వేసి గడ్డి మీదికి రావాలో తెలిసి నడుచుకోవాలి.

మనలో చాలామంది 14వ గుంట దాటినవాళ్లమే. 17వది ఎదురుగా ఉంది. ఆత్రం వద్దు, అయిదు దెబ్బలు చాలు. చివరి పల్లం దగ్గర మాత్రం చేయి సడలకుండా చూసుకుందాము. సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ పెన్షనర్ల దినోత్సవ శుభాకాంక్షలు.

– ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, కంచిలి